గంతులేసిన పాప ఇప్పుడు క్యాంపుకి వెళ్ళనంటోంది

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మా పాపకి పదేళ్ళు, 5వ తరగతి. సంక్రాంతి సెలవులయ్యాక జనవరి చివరి వారంలో బడివాళ్ళు పిల్లల్ని మూడు రోజులు, రెండు రాత్రులు బయటికి తీసుకెళతామంటున్నారు. మొదటి రోజు ధవళేశ్వరం బ్యారేజీ, కాటన్ మ్యూజియం చూపించి, అక్కణ్ణుంచి మారేడుమిల్లి వైపు ఒక క్యాంపుకి తీసుకెళతారట. తాళ్ళ వంతెన, గోడ ఎక్కడం, జిప్‌లైన్, టెంట్లలో పడుకోవడం, తిరిగొచ్చేటప్పుడు పడవ షికారు అని కాగితంలో రాశారు. మనిషికి 4,500 రూపాయలు. మావారు కువైట్‌లో ఉంటారు. "పంపించు, పిల్లకి ధైర్యం వస్తుంది" అంటున్నారు. మా అత్తయ్యగారు మాత్రం "ఆడపిల్లని తీసుకెళ్ళి కొండల్లో పడుకోబెడతారా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకేమో నీళ్ళంటే భయం. పశువుల్లంక మాకు దగ్గరే. 2018లో బడి నుంచి ఇంటికొస్తున్న పిల్లల పడవ బోల్తా పడిన రోజు విన్న ఏడుపులు నాకింకా చెవుల్లోనే ఉన్నాయి. పాప ఆ కాగితం తెచ్చిన రోజు ఇల్లంతా గంతులేసింది. పది రోజులయ్యాక ఏమైందో గానీ "నేను వెళ్ళనమ్మా, అక్కడ బాగోదట" అంటోంది. ఎందుకని అడిగితే చెప్పదు. పంపాలా, మానాలా? ఇంకో మాట, రాయడానికి సిగ్గుగా ఉంది. పాప ఇప్పటికీ నెలకి రెండుమూడుసార్లు పక్క తడుపుతుంది. నాకూ అత్తయ్యగారికీ తప్ప ఎవరికీ తెలియదు.

సమాధానం: అమ్మా, మీరు సిగ్గుపడుతూ చివర్లో రాసిన మాటనే నేను మొదట పట్టుకున్నాను. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు మీ ఇంట్లో మూడు భయాలు కనిపించాయి. మీది నీళ్ళ భయం. మీ అత్తగారిది రాత్రి భయం. పాపది దుప్పటి భయం. మొదటి రెండూ మీరు పెద్దవాళ్ళు కాబట్టి నోరు తెరిచి చెప్పుకుంటున్నారు. మూడోది చెప్పుకోలేక ఆ పిల్ల "అక్కడ బాగోదట" అంటోంది.

నేను ఊహించి చెబుతున్నానన్న మాట నిజమే, కానీ ఇరవై ఎనిమిదేళ్ళు చిన్న తరగతులకి పాఠం చెప్పాను. గంతులేసిన పిల్ల పది రోజుల్లో మనసు మార్చుకుందంటే మధ్యలో ఏదో జరిగి ఉంటుంది. బహుశా ఎవరెవరు ఏ టెంట్లో పడుకోవాలో బడిలో జట్లు చేసి ఉంటారు. "నేను నీ పక్కనే పడుకుంటానే" అని స్నేహితురాలు సంబరంగా అని ఉంటుంది. అప్పటిదాకా పాపకి క్యాంపంటే తాళ్ళు, కొండలు. ఆ మాట విన్నాక క్యాంపంటే పక్కలో స్నేహితురాలు, తెల్లారేసరికి తడిసిన దుప్పటి.

నా అనుభవం ఒకటి చెబుతాను. నాలుగో తరగతి పిల్లల్ని కోరింగ మడ అడవులు చూపించడానికి తీసుకెళ్ళి ఒక రాత్రి కాకినాడలో ఉంచాం. మర్నాడు పొద్దున చెక్క వంతెన మీద నడుస్తుంటే పిల్లలంతా నీటికుక్కలు కనిపిస్తాయేమోనని కింద బురదలోకి వంగి వంగి చూస్తున్నారు. ఒక అబ్బాయి మాత్రం సంచీ గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. బరువుగా ఉంది, నాకివ్వరా అంటే ఇవ్వడు. మధ్యాహ్నం బస్సులో ఎండకి వాసన మొదలైంది. పిల్లలు ముక్కులు మూసుకుని వెతకడం మొదలుపెట్టారు. తడిసిన దుప్పటిని వాడు చిన్న చిన్న మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవరు కూడా లేక, తిండి డబ్బా కింద కుక్కుకున్నాడు. పొద్దున్నుంచి ఆ డబ్బా తియ్యలేదు కాబట్టి ఏమీ తినలేదు కూడా. వాణ్ణి నా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, నా నీళ్ళ సీసా ఒలికిపోయిందని అందరికీ చెప్పాను. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. వాళ్ళమ్మ ముందు రోజు నా చెవిలో ఒక్క మాట వేసి ఉంటే రాత్రి పదకొండింటికి నేనే వాణ్ణి లేపి బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళేదాన్ని. ఆమె సిగ్గుపడి చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు. ఆ తర్వాత ప్రతి ట్రిప్పుకీ ముందు తల్లుల్ని విడివిడిగా అడిగేదాన్ని. ప్రతిసారీ ఒకరిద్దరైనా తల ఊపేవాళ్ళు.

కాబట్టి ముందు పాపతో మాట్లాడండి. వంటింట్లో మీ అత్తగారు వింటుండగా వద్దు, ఎదురుగా కూర్చోబెట్టుకుని కూడా వద్దు. రాత్రి లైటు తీసేశాక, పక్కన పడుకుని, పైకి చూస్తూ మాట్లాడండి. చీకట్లో పిల్లలు మాట్లాడినంతగా వెలుతుర్లో మాట్లాడరు. "పక్క గురించా నాన్నా నీ టెన్షన్?" అని మీరే అనేయండి. ఆ మాట ఆమె నోటినుంచి రావాలని ఎదురుచూడకండి. కాదంటే ఇంకేదైనా చెబుతుంది. అవునంటే ఏడుస్తుంది. ఏడవనివ్వండి.

అప్పుడు ఆమెకి చెప్పాల్సిన నిజాలు కొన్ని ఉన్నాయి. పదేళ్ళ పిల్లల్లో వందకి అయిదుగురి దాకా అప్పుడప్పుడు పక్క తడుపుతూనే ఉంటారు. ఆ బస్సులో ఎక్కే పిల్లల్లో తనొక్కతే అలా ఉండకపోవచ్చు. అది బద్ధకం కాదు, చిన్నపిల్ల చేష్ట కాదు. నిద్ర గాఢంగా ఉండటం, రాత్రిపూట మూత్రాన్ని తగ్గించే హార్మోను ఇంకా సరిగ్గా తయారు కాకపోవడం, మూత్రం సంచి నిండిందన్న కబురు మెదడుకి అందకపోవడం వల్ల వస్తుంది. వంశంలో కూడా ఉంటుంది. మీరో మీవారో చిన్నప్పుడు అలా ఉంటే దాచకుండా చెప్పండి. వాళ్ళ నాన్న కువైట్ నుంచి ఫోన్లో "నేనూ అంతేనే, ఆరో తరగతి దాకా" అంటే దానికొచ్చే ధైర్యం ఏ జిప్‌లైనూ ఇవ్వదు. మీ అత్తగారు తిట్టే అలవాటుంటే దయచేసి ఆపించండి. తిట్టినందువల్ల పిల్లల పక్క ఆరదు, దాచడం మాత్రం నేర్చుకుంటారు.

ఒకటి తేల్చుకోండి. పాప పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉందా, లేక ఆరేడు నెలలు పూర్తిగా మానేసి మళ్ళీ మొదలైందా? మళ్ళీ మొదలైతే, లేదా మంట, విపరీతమైన దాహం, బరువు తగ్గడం ఉంటే క్యాంపు సంగతి పక్కన పెట్టి ముందు డాక్టరుకి చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, షుగరు కూడా ఇలాగే బయటపడతాయి. మలబద్ధకం ఉన్నా పక్క తడవడం ఎక్కువవుతుంది, ఇది చాలామంది తల్లులకి తెలియదు. లోపల గట్టిపడిన మలం మూత్రం సంచిని నొక్కుతుంది. ఇప్పట్నుంచే రోజూ పొద్దున దొడ్డికి కూర్చునే అలవాటు, పళ్ళు, ఆకుకూర, పగటి పూట నీళ్ళు చూసుకోండి. పక్క తడుస్తుందని పగలంతా నీళ్ళు మాన్పించడం తప్పు. పగలు బాగా తాగించి, పడుకోబోయే రెండు గంటల ముందు నుంచి తగ్గించండి. సాయంత్రం టీ, కూల్‌డ్రింకు వద్దు. పడుకోవడానికి కాసేపు ముందు ఒకసారి, సరిగ్గా పక్క ఎక్కేముందు ఇంకోసారి బాత్‌రూమ్‌కి వెళ్ళి రమ్మనండి.

మీ అదృష్టం, మధ్యలో సంక్రాంతి వస్తోంది. మీ పుట్టింటికి వెళతారు కదా? హాల్లో పిల్లలందరికీ వరసగా చాపలు పరిచి, పిన్ని పిల్లలూ మావయ్య పిల్లలూ ఒకే దుప్పటి లాక్కుంటూ పడుకుంటారు కదా? అదే పాపకి రిహార్సల్. మిమ్మల్ని వేరే గదిలో పడుకోమంటున్నాను. పదకొండింటికి మీరు కాకుండా మీ అమ్మగారో చెల్లెలో లేపాలి. ఎందుకంటే క్యాంపులో లేపేది మీరు కాదు. లేపితే జబ్బు నయం కాదు గానీ ఆ రాత్రి పక్క పొడిగా ఉంటుంది, మనకి కావాల్సింది రెండు రాత్రులే. ఒకవేళ తడిసినా, తడిసినప్పుడు ఏం చెయ్యాలో అక్కడే అలవాటు చేయండి. తలగడ పక్కన ఒక ముదురు రంగు సంచీలో పొడి నిక్కరు, ఇంకో జత పైజమా, జిప్ ఉన్న గట్టి కవరు. చీకట్లోనే మార్చుకుని, తడివి కవర్లో పెట్టి జిప్ వేసి, ఎవరినీ లేపకుండా పడుకోవడం. నాలుగుసార్లు ఇంట్లో చేస్తే ఆ పనికి రెండు నిమిషాలు చాలు. పక్కబట్టలు ముదురు రంగువే కట్టండి. స్లీపింగ్ బ్యాగ్ ఇస్తారేమో అడగండి. ఇస్తే లోపల పరుచుకోవడానికి ఒక పల్చటి రబ్బరు షీటు, పైన పాత కాటన్ చీర ముక్క కుట్టివ్వండి. మారేడుమిల్లిలో జనవరి చలి మన కోనసీమ చలిలాంటిది కాదు. చలికి మూత్రం ఎక్కువగా వస్తుంది, టెంటులోంచి బయటికి రావడానికి బద్ధకమూ వేస్తుంది. స్వెటరు, సాక్సులు, టార్చిలైటు చేతికందేలా ఉండాలి.

మందు కూడా ఉంది. డెస్మోప్రెసిన్ అనే మాత్రని ఇలాంటి ప్రయాణాలకి రెండుమూడు రోజులు వాడమని పిల్లల డాక్టర్లు రాస్తుంటారు. దాన్ని షాపులో అడిగి కొనకండి. ఆ మాత్రకి గంట ముందు నుంచి, వేసుకున్నాక ఎనిమిది గంటల దాకా నీళ్ళు బాగా తగ్గించాలి. ఎక్కువ తాగితే ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే డాక్టరు రాయాలి, ఇంట్లో కొన్ని రోజులు ముందే వేసి చూడాలి, క్యాంపులో టీచరు చేత్తోనే ఇప్పించాలి.

ఇక టీచరుకి చెప్పడం. పాపని అడిగి చెప్పండి. "నీ టీచర్లలో ఎవరికి చెబితే నీకు ఫర్వాలేదు?" అనడగండి. ఆమె చెప్పిన ఒక్కరికే, విడిగా, ముఖాముఖిగా చెప్పండి. వాట్సాప్ గ్రూపు ఛాయల్లోకి కూడా ఈ సంగతి రానివ్వకండి. ఆ టీచరు రాత్రి లేపుతానని, తడిస్తే పొద్దున అందరికంటే ముందు స్నానానికి పంపుతానని ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా "ఇంత పెద్దపిల్ల ఇంకానా" అని నవ్వితే, ఆ టీచరు చేతిలో పెట్టి పాపని పంపకండి.

మీ అత్తగారి సంగతికొస్తాను. ఆవిడ మాటని చాదస్తం కింద కొట్టిపారేయకండి. ఆడపిల్ల రాత్రి ఎక్కడ, ఎవరి మధ్య పడుకుంటుందని అడగడం సరైన ప్రశ్నే. కార్తీక మాసంలో తోటలో వనభోజనాలకి ఆవిడే పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళుంటారు. ఆవిడ భయం బయటికి వెళ్ళడం గురించి కాదు, రాత్రి గురించి. బడిలో తల్లిదండ్రుల మీటింగు పెడితే ఆవిడని కూడా తీసుకెళ్ళండి. అడగాల్సినవి ఆవిడ చేతే అడిగించండి. ఆడపిల్లల టెంట్ల దగ్గర ఎంతమంది ఆడ టీచర్లు పడుకుంటారు? టెంటుకీ బాత్‌రూమ్‌కీ ఎంత దూరం, దారిలో లైటుందా, లోపల గడియ పడుతుందా? రాత్రి లేచిన పిల్లకి తోడెవరు? క్యాంపులో పనిచేసే మగవాళ్ళు పిల్లలతో ఒంటరిగా ఉండే సందర్భం ఎక్కడైనా ఉందా? అదే రోజు అక్కడ వేరే టూరిస్టులు దిగుతున్నారా? పదిమంది పిల్లలకి పెద్దవాళ్ళు కనీసం ఒకరుండాలి, వాళ్ళు పిల్లల పేర్లు తెలిసినవాళ్ళయి ఉండాలి. నేనైతే అంతకంటే తక్కువకి బయల్దేరేదాన్ని కాదు. బెల్టు కట్టేటప్పుడు ఎవరి చెయ్యి ఎక్కడ తగలాలో, ఎక్కడ తగలకూడదో, తగిలితే గట్టిగా అరిచి టీచరు దగ్గరికి పరిగెత్తాలని పాపకి సూటిగా చెప్పండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్ అని, 108 అంబులెన్స్ అని కంఠతా వచ్చేలా చేయండి.

మీ భయం గురించి రాయాలంటే నాకూ గొంతు పట్టేస్తుంది. పశువుల్లంక పిల్లలు షికారుకి వెళ్ళినవాళ్ళు కాదు, బడి నుంచి ఇంటికి వస్తున్నవాళ్ళు. ఆ మరుసటి ఏడాది, 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీదున్నప్పుడు పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. ఈ రెండూ గుర్తున్న తల్లి పడవ అనగానే ఉలిక్కిపడకపోతేనే ఆశ్చర్యం. ఆ కాగితంలో నన్ను ఆపిందీ ఆ ఒక్క మాటే, పడవ షికారు. ఎక్కడ, ఏ నీళ్ళలో, ఎవరి పడవ, ఎంతమందికి లైసెన్సుంది, ఎంతమందిని ఎక్కిస్తారు? చెరువులో తెడ్డు పడవా, నదిలో ఇంజను పడవా? ఇవి రాతపూర్వకంగా అడగండి. జనవరిలో వరద ఉండదు, అది కొంత నయం. కానీ జవాబు సరిగా లేకపోతే పాపని ఆ పడవ ఎక్కించొద్దని మీరు రాసివ్వొచ్చు. ఆ గంటసేపు టీచరుతో గట్టు మీద కూర్చుంటుంది. పదిమంది తల్లులు అలా రాసిస్తే బడివాళ్ళే పడవ తీసేస్తారు.

లైఫ్ జాకెట్ ఇస్తాం అంటే సరిపోదు. పెద్దవాళ్ళ జాకెట్ పిల్లకి వేస్తే నీళ్ళలో జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. సరిచూసే పద్ధతి తేలిక. బెల్టులన్నీ పెట్టాక పిల్ల చేతులు పైకెత్తమని, జాకెట్‌ని రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. గడ్డం, చెవుల మీదకి లేచొస్తే అది ఆ పిల్లది కాదు. పిల్లల జాకెట్‌కి కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. ఇది పాపకే నేర్పండి. పదేళ్ళ పిల్ల "నాది వదులుగా ఉంది సార్" అనగలిగితే సగం కాపలా ఆమే కాసుకుంటుంది. ఇంకొకటి, ఇది క్యాంపుతో సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను. మన ఇళ్ళ ముందే పంట కాలువలు, వెనకాల చెరువులు, ఊరి చివర రేవు. అయినా మన ఆడపిల్లలకి ఈత రాదు. వేసవి సెలవుల్లో పాపకి ఈత నేర్పించండి. మీరూ నేర్చుకోండి.

తాళ్ళు, జిప్‌లైన్ల గురించి నాకు మీ అంత భయం లేదు, సరిగ్గా కడితే. చిన్నపిల్లలకి నడుం దగ్గర పట్టు తక్కువ కాబట్టి నడుం బెల్టు ఒక్కటే చాలదు, భుజాల మీదుగా కూడా వచ్చే పూర్తి బెల్టు కావాలి. హెల్మెట్ గడ్డం కింద బిగించాక రెండు వేళ్ళకి మించి సందు ఉండకూడదు. ఒకరు కట్టాక ఇంకొకరు చూడాలి, ప్రతి పిల్లకీ, ప్రతిసారీ. జిప్‌లైన్‌కి ఇంత బరువు దాటకూడదన్నట్టే, ఇంత బరువైనా ఉండాలని కూడా ఉంటుంది. మరీ తేలిక పిల్లలు మధ్యలో ఆగి వేలాడతారు. పాప బరువు చెప్పి అడగండి. జడ ముడి వేసి హెల్మెట్ లోపలికి దోపాలి. విడిచిన జడ తాడుకున్న చక్రంలో పడితే చాలా ప్రమాదం. చెవులకి బుట్టకమ్మలు, కాళ్ళకి పట్టీలు, చేతికి గాజులు, మెడలో గొలుసు ఇంట్లోనే తీసేయండి. తాయెత్తు కట్టి ఉంటే అత్తగారిని ఒప్పించి మూడు రోజులు దేవుడి దగ్గర పెట్టించండి.

వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఒక పిల్ల "నేను ఎక్కను" అంటే ఏం చేస్తారు? దీనికి బడివాళ్ళు చెప్పే జవాబు జాగ్రత్తగా వినండి. నేను చేసిన తప్పొకటి ఇక్కడ ఒప్పుకోవాలి. ఒకసారి తాళ్ళ వంతెన దగ్గర ఒక పిల్ల మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. మోకాళ్ళు వణుకుతున్నాయి, తాడు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. నేను మంచి చేస్తున్నాననుకుని మిగతా పిల్లలందరి చేతా ఆమె పేరు పెట్టి చప్పట్లు కొట్టించాను. దాటింది. అందరం సంతోషించాం. ఆ తర్వాత నాలుగు రోజులు బడికి రాలేదు. కారణం ఏమిటని ఇంటికి వెళితే, ఆ పిల్ల మంచం కోడు పట్టుకుని నా ముఖం చూడలేదు. ధైర్యం నేర్పాననుకున్నాను, ఆమె మాత్రం తను వద్దన్నా ఎవరూ వినరని నేర్చుకుంది. ఆ తర్వాత నేను "ఒక్క మెట్టు ఎక్కి దిగొచ్చెయ్, అంతే" అనేదాన్ని. చాలామంది ఆ ఒక్క మెట్టు ఎక్కాక రెండోది వాళ్ళే ఎక్కేవాళ్ళు. ఎక్కనివాళ్ళు కింద తాడు పట్టుకునేవాళ్ళు. అదీ పనే. "అందరి చేతా చేయిస్తామండీ, మా దగ్గర భయపడే పిల్లలే ఉండరు" అని ఎవరైనా గర్వంగా చెబితే నాకైతే అక్కడే అనుమానం వస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బస్సు రాత్రిపూట కొండ దారిలో నడవకూడదు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ రోడ్డులోకి వెళతారేమో అడగండి, ఈ వయసు పిల్లలకి అది అక్కర్లేదు. వాగుల్లో, జలపాతాల కింద స్నానాలు వద్దు. నాచు పట్టిన రాయి మీద పెద్దవాళ్ళే నిలబడలేరు. ఫోను సిగ్నల్ సరిగా అందని చోట్లుంటాయి కాబట్టి క్యాంపు దగ్గరి ఆసుపత్రి ఏది, బండి రాత్రంతా అక్కడే ఉంటుందా అన్నది తెలిసుండాలి. ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమతెర, పొడుగు చేతుల చొక్కా, దోమల క్రీము తప్పనిసరి. ఇంటికొచ్చాక నెలలోపు జ్వరమొస్తే మాత్ర వేసి ఊరుకోకుండా, "ఏజెన్సీకి వెళ్ళొచ్చింది" అని చెప్పి రక్తపరీక్ష చేయించండి. సున్నుండలు, జంతికలు కొంచెమే కట్టండి, పిల్లలు పంచుకుంటారు కాబట్టి ఏది ఎవరికి పడదో టీచరుకి తెలియాలి.

ఒక మాట మాత్రం పాపకి ఇవ్వొద్దు. "నచ్చకపోతే ఫోన్ చెయ్, వచ్చి తీసుకొచ్చేస్తా" అని ప్రేమగానే అంటాం. అది విన్న పిల్ల మొదటి గంట నుంచీ ఇల్లే తలుచుకుంటుంది. బదులుగా "రాత్రి అమ్మ గుర్తొస్తుంది, ఏడుపొస్తుంది, అది అందరికీ వస్తుంది, టీచరు పక్కన కాసేపు కూర్చో" అని చెప్పండి. రోజూ ఫోన్లో గొంతు వినాలని మీరూ పట్టుబట్టకండి. సర్దుకున్న పిల్లకి కూడా అమ్మ గొంతు వినగానే దుఃఖం పొంగుతుంది. క్షేమంగా చేరామని టీచరు మెసేజ్ పెడితే చాలు. మీ చేత్తో రెండు చీటీలు రాసి, ఒక్కో రాత్రికి ఒకటి అని సంచీలో పెట్టండి.

అయితే పంపాలా? నేను అడగమన్నవాటికి బడివాళ్ళు విసుక్కోకుండా జవాబు చెబితే, పాప ఒప్పుకుంటే, పంపండి. జవాబులు రాకపోతే మానేయండి, అందులో పిరికితనమేమీ లేదు. 4,500 ఉంచుకుని ధవళేశ్వరం మీరే తీసుకెళ్ళండి, ఒక్క రోజులో అయిపోతుంది. కానీ పంపితే బాగుంటుందని నాకెందుకు అనిపిస్తుందో కూడా చెబుతాను. మీ పాప పుట్టిన నేలలో రాయి లేదు. అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఒకసారి నాతో వచ్చిన లంక గ్రామం పిల్ల రంపచోడవరం దాటాక మొదటి కొండ చూసి, దిగి, దాన్ని అరచేత్తో తట్టి, "టీచర్, దీన్ని ఎవరు కట్టారు?" అనడిగింది. ఎవరూ కట్టలేదమ్మా అంటే చాలాసేపు మాట్లాడలేదు. అంతకుముందు రోజే ధవళేశ్వరంలో, 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ కట్టించిన ఆనకట్ట గురించి విని ఉంది. గోదావరి రెండుగా చీలే చోట నిలబడి, బొబ్బర్లంక దగ్గర మొదలైన కాలువే లొల్ల లాకుల దగ్గర చీలి తమ ఊరి చేలోకి వస్తుందని తెలుసుకుంది. మనుషులు కట్టిందేదో, కట్టనిదేదో రెండు రోజుల్లో చేత్తో తాకి చూసింది ఆ పిల్ల.

ఈ వారమే పాపతో మాట్లాడండి. మాత్ర ఆలోచన ఉంటే డాక్టరు దగ్గరికి పండగకి ముందే వెళ్ళండి, ఇంట్లో వేసి చూడటానికి వ్యవధి కావాలి. టీచరుతో మాట్లాడాకే సంతకం పెట్టండి. పాప తిరిగొచ్చిన రోజు సంచీ మీరే విప్పండి, నలుగురిలో కాదు, పెరట్లో. జిప్ కవరు నిండి ఉన్నా ఖాళీగా ఉన్నా దాని ఊసెత్తకుండా బట్టలు నానబెట్టి, కొండ ఎలా ఉందో అడగండి.